పదకొండో ఏట ఇంగ్లీషు పేపరు



అయిదో తరగతి చదివే పిల్లో పిల్లవాడో ఇంట్లో ఉండి, ఫలానా స్కూలుకి ప్రవేశ పరీక్ష ఉందని తెలిస్తే ఆ ఇల్లు ఎలా మారిపోతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. టీవీ బందు, ఆటలు బందు. అమ్మ ఒక చేత్తో పోపు వేస్తూ, రెండో చేత్తో పుస్తకం పట్టుకుని స్పెల్లింగులు అప్పజెప్పించుకుంటూ ఉంటుంది. లెక్కల గురించి ఎవరూ అంత బెంగ పెట్టుకోరు. బెంగంతా ఇంగ్లీషు పేపరు మీదే. ‘‘మనింట్లో మాట్లాడే భాష కాదు కదండీ, వాడికెలా వస్తుంది?’’ అంటారు.

మరి ఇంట్లో, వీధిలో, బజార్లో ఇంగ్లీషు తప్ప మరో మాట ఎరగని పిల్లలు కూడా ఇంగ్లీషు పేపరంటే గడగడ వణికారంటే నమ్ముతారా? సాక్షాత్తూ ఇంగ్లండులో వణికారు. ఏడాదీ రెండేళ్ళూ కాదు, దాదాపు రెండు తరాల పాటు. ఆ పరీక్షకి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘ఇలెవెన్ ప్లస్’. పదకొండో ఏట రాసే పరీక్ష అన్నమాట. దాని కథే ఇవాళ మీకు చెప్పబోతున్నాను. చెప్పుకోడానికి పరీక్ష కథే గాని, అందులో సగానికి పైగా తల్లుల కథ, ఆడపిల్లల కథ.

మొదట్నించీ వద్దాం. ఇంగ్లండులో అందరి పిల్లలకీ బడి అనే మాట 1870 నాటి చట్టంతో మొదలైంది. అది మామూలు చదువుకే. రాయడం, చదవడం, లెక్కలు వేయడం, ఆ తర్వాత పన్లోకి. పై చదువులు చెప్పే సెకండరీ స్కూళ్ళు ఫీజు కట్టగలవాళ్ళవి. గనిలో పనిచేసేవాడి కొడుక్కి, మిల్లులో పనిచేసేదాని కూతురికి ఆ గేటు లోపలికి దారి లేదు. 1907లో ప్రభుత్వం ఒక నిబంధన పెట్టింది. మా గ్రాంటు కావాలనుకునే ప్రతి సెకండరీ స్కూలూ తన సీట్లలో నాలుగో వంతు మామూలు బడుల పిల్లలకి ఫీజు లేకుండా ఇవ్వాలి అని. ఉచితమే గాని ఊరికే కాదు. పరీక్ష రాసి గెలుచుకోవాలి. ఇంగ్లీషు, లెక్కలు, ఈ రెండే ముఖ్యం. జనం దాన్ని ‘స్కాలర్‌షిప్’ అనేవారు.

గెలిచినవాళ్ళందరూ వెళ్ళారా అంటే, లేదు. ఫీజు లేకపోయినా యూనిఫారం ఉంది, పుస్తకాలున్నాయి. అన్నిటికన్నా పెద్ద ఖర్చు మరొకటుంది: పద్నాలుగేళ్ళకి సంపాదన మొదలుపెట్టాల్సిన పిల్ల ఇంకా రెండు మూడేళ్ళు బల్ల ముందు కూర్చుంటే ఆ వారం కూలి ఎవరు తెస్తారు? సీటు వచ్చినట్టు ఉత్తరం అందినా దాన్ని అటక మీద పెట్టేసిన ఇళ్ళు చాలా ఉండేవి. అలాంటి ఇంట్లో అన్నకి వస్తే అప్పు చేసైనా పంపుదామనుకునేవారు, చెల్లెలికి వస్తే ‘‘దానికెందుకు?’’ అనేవారు. వినగానే మీకు ఎవరో ఒకరు గుర్తుకొచ్చే ఉంటారు.

ఇక్కడ గాడ్‌ఫ్రే థామ్సన్ అనే పెద్దమనిషి వస్తాడు. ఇంగ్లండుకి ఉత్తరాన టైన్ నది ఒడ్డున ఉన్న కార్మికుల ఊళ్ళో పెరిగి, తానూ స్కాలర్‌షిప్ మీదే చదువుకుని ప్రొఫెసరైనవాడు. నార్తంబర్లాండ్ అనే జిల్లాలో అధికారులు ఒక వింత గమనించారు. కొన్ని పల్లెటూరి బళ్ళ నుంచి స్కాలర్‌షిప్ పరీక్షకి ఒక్క పిల్లవాడూ రావడం లేదు. ఆ ఊళ్ళల్లో తెలివైన పిల్లలే పుట్టలేదా? లేక అక్కడి బళ్ళల్లో ఆ పరీక్షకి తగ్గ ఇంగ్లీషూ లెక్కలూ చెప్పేవాళ్ళు లేరా? థామ్సన్‌ని అడిగారు. చదువు చెప్పినా చెప్పకపోయినా పిల్లవాడి బుద్ధి బయటపడేలా ఆయన 1921 ప్రాంతంలో ఒక కొత్తరకం ప్రశ్నపత్రం తయారుచేశాడు. ఈ మాటకి వ్యతిరేకం ఏది, ఈ అయిదింట్లో వేరు జాతిది ఏది, ఈ వరసలో తర్వాత వచ్చే అంకె ఏది, ఇలాంటివి. 1925లో ఆయన ఎడింబరో వెళ్ళి అక్కడి మోరే హౌస్ అనే సంస్థ నుంచి ఈ ప్రశ్నపత్రాలు ఏటేటా తయారుచేయించి ఇచ్చాడు. క్రమంగా అవి దేశమంతా పాకాయి. వాటి మీద వచ్చిన డబ్బు ఆయన తన జేబులో వేసుకోలేదు, పరిశోధన నిధికి ఇచ్చేశాడు. మంచి ఉద్దేశంతో మొదలైన పని అని చెప్పడానికే ఇదంతా చెప్పాను.

కాని ఒక్కసారి ఆ ప్రశ్నలు మళ్ళీ చూడండి. ‘ఈ మాటకి వ్యతిరేకం ఏది’ అనేది బుద్ధికి పరీక్షా, మాటల మూటకి పరీక్షా? ఆ మాట ఇంట్లో వినని పిల్లకి ఎంత బుద్ధి ఉంటే మాత్రం ఏం లాభం? పేరు ‘వెర్బల్ రీజనింగ్’ అని పెట్టినా, లోపల ఉన్నది సగం ఇంగ్లీషు పేపరే.

1944లో, ఇంకా యుద్ధం నడుస్తుండగానే, బట్లర్ అనే మంత్రి పేరుమీద ప్రసిద్ధమైన విద్యాచట్టం వచ్చింది. ఇకమీదట సెకండరీ చదువు అందరికీ ఉచితం. గొప్ప మాటే. అయితే అందరికీ ఒకే స్కూలు కాదు. దానికి ముందు ఏడాది నార్వుడ్ కమిటీ అనే ఒక కమిటీ, పిల్లల మనసులు మూడు రకాలని తేల్చింది: పుస్తకాల మీద ఆసక్తి ఉన్నవాళ్ళు, యంత్రాల మీద ఆసక్తి ఉన్నవాళ్ళు, చేతిపనులకి తగినవాళ్ళు. భగవంతుడు పిల్లల్ని మూడు డబ్బాల్లో పోసి పంపినట్టు! అందుకు తగ్గట్టు గ్రామర్ స్కూలు, టెక్నికల్ స్కూలు, సెకండరీ మోడరన్ స్కూలు అని మూడు ఏర్పాట్లు. టెక్నికల్ స్కూళ్ళు ఎక్కువగా కట్టనేలేదు. కాబట్టి మిగిలింది రెండే డబ్బాలు. గ్రామర్ స్కూలుకి వెళ్తే విశ్వవిద్యాలయం దాకా దారి. మోడరన్‌కి వెళ్తే పదిహేనేళ్ళకి పని. ఎవరెటు అన్నది పదకొండో ఏట ఒక ఉదయం రాసిన పరీక్ష తేలుస్తుంది.

నూటికి ఇరవై, ఇరవై అయిదు మందికి గ్రామర్ స్కూలు సీటు వచ్చేది. అదీ ఊరిని బట్టి. వేల్స్‌లో కొన్నిచోట్ల నూటికి నలభై మందికి పైగా వెళితే, ఇంగ్లండులో కొన్ని పట్నాల్లో పది పదిహేను మందే. అంటే పిల్ల బుద్ధి ఎంత అన్నదానికన్నా, ఆ పిల్ల ఇల్లు ఏ జిల్లాలో ఉంది అన్నది ముఖ్యమైపోయింది. పాసైతే సైకిలు కొనిపెడతామని ఆశపెట్టడం ఆ రోజుల్లో అక్కడ మామూలు. పోస్టులో కవరు వచ్చే రోజున వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడేది. ఒకే కడుపున పుట్టిన ఇద్దరు చెరో స్కూలుకీ వెళ్ళి, జీవితమంతా ఒకరి ముందు ఒకరు నోరు విప్పలేకపోయిన కుటుంబాలున్నాయి.

ఇప్పుడు ఆ ఇంగ్లీషు పేపరు లోపలికి వద్దాం. అందులో ఏముండేది? ఒక గద్యభాగం ఇచ్చి దాని మీద ప్రశ్నలు. పర్యాయపదాలు, వ్యతిరేకపదాలు. సగం సామెత ఇచ్చి మిగతా సగం పూరించమనడం. మగ బాతుని ఏమంటారు, తేనెటీగలు పెంచే చోటుని ఏమంటారు, చేపల గుంపుకీ గొర్రెల గుంపుకీ సింహాల గుంపుకీ వేరువేరు మాటలేమిటి. చివర్న వ్యాసం. పాత నాణెం ఆత్మకథ, వర్షం కురిసిన రోజు, ఆ ధోరణిలో. ఇవన్నీ గుదిగుచ్చి 1938లో ఆంగస్ మెకీవర్ అనే స్కాట్లండు వాసి ‘ఫస్ట్ ఎయిడ్ ఇన్ ఇంగ్లీష్’ అనే చిన్న పుస్తకం వేశాడు. గాయానికి కట్టు కట్టినట్టు భాషకి కట్టు కట్టే పుస్తకం. పిల్లలు దాన్ని మన ఎక్కాల పుస్తకంలా బట్టీ పట్టేవారు. ఇప్పటికీ అచ్చవుతోంది, ఇంగ్లీషు రాజ్యం నడిచిన అనేక దేశాలకి వెళ్ళింది.

మీరొకటి ఆలోచించండి. అరటి గెలకీ అత్తానికీ తేడా మీ పిల్లకి ఎవరు చెప్పారు? మల్లెల దండ అంటాం, తమలపాకుల కట్ట అంటాం, గడ్డి మోపు అంటాం, గేదెల మంద అంటాం, చీమల బారు అంటాం. ఒక్కటీ పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. బజారుకి వెంట వెళ్ళి, పెరట్లో తిరిగి, అమ్మమ్మ మాటలు విని నేర్చుకున్నది. మరి అరటితోట ఎరగని అపార్టుమెంటు పిల్లకి ‘అత్తం అంటే ఏమిటి’ అని పరీక్ష పెట్టి, రాయకపోతే నీకు బుద్ధి లేదు అంటే ఎలా ఉంటుంది? లండన్‌లో రేవు కూలీల పిల్లలకి జరిగింది అదే. వాళ్ళ ఇళ్ళల్లోనూ ఇంగ్లీషే. కాని పేపరు పెట్టినవాళ్ళ ఇంగ్లీషు కాదు. పుస్తకాల ఇంగ్లీషుకీ, వీధి ఇంగ్లీషుకీ మధ్య దూరం మన పంతులుగారి తెలుగుకీ సంతలో తెలుగుకీ ఉన్నంత ఉంది.

వ్యాసం సంగతి మరీ చిత్రం. సర్ ఫిలిప్ హార్టాగ్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. ఢాకా విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ చాన్సలర్ ఆయనే. 1929లో మన దేశపు చదువుల మీద నివేదిక ఇచ్చిన హార్టాగ్ కమిటీ ఆయనదే. ఇంగ్లండు తిరిగి వెళ్ళాక, పరీక్ష పేపర్లు దిద్దేవాళ్ళనే పరీక్షించాలని బుద్ధి పుట్టింది ఆయనకి. రోడ్స్ అనే సహచరుడితో కలిసి 1935లో ఆ వివరాలు అచ్చువేశాడు. పెద్ద పిల్లలు రాసిన పదిహేను చరిత్ర పేపర్లు తీసుకుని పద్నాలుగు మంది దిద్దేవాళ్ళకి ఇచ్చారు. ఏడాది పైన గడిచాక అవే పేపర్లు అదే మనుషులకి మళ్ళీ ఇచ్చారు. మొత్తం 210 తీర్పులు. అందులో 92 మారిపోయాయి. పాసైన పిల్ల తప్పింది, తప్పిన పిల్ల పాసైంది. రాసిన చెయ్యీ అదే, దిద్దిన చెయ్యీ అదే!

ఇది చూసి చాలా జిల్లాల్లో వ్యాసం తీసేశారు. సరైన జవాబు కింద గీత గీయండి, ఖాళీలో ఒక్క మాట పూరించండి, అంతే. దిద్దడం సులువైంది. కాని దాని ఫలితం చూడండి. పరీక్షలో వ్యాసం లేనప్పుడు బళ్ళో వ్యాసం ఎవరు రాయిస్తారు? పదేళ్ళ పిల్లలు వాక్యం రాయడం మానేసి గీతలు గీయడం నేర్చుకుంటున్నారని ఉపాధ్యాయులే మొత్తుకున్నారు. కొన్నిచోట్ల మళ్ళీ వ్యాసం తెచ్చిపెట్టారు. ఈ తీయడం, పెట్టడం చాలాకాలం నడిచింది.

ఇక ట్యూషన్లు. ఈ బుద్ధి పరీక్షలకి తర్ఫీదు ఇచ్చి లాభం లేదు, పుట్టుకతో వచ్చిన తెలివే బయటపడుతుంది అని మొదట్లో పెద్దలు గట్టిగా చెప్పారు. ఆ మాట ఎక్కువగా చెప్పినవారిలో సిరిల్ బర్ట్ ఒకరు. లండన్ నగర విద్యాశాఖలో మనస్తత్వ నిపుణుడిగా చేరి, తర్వాత ‘సర్’ బిరుదు పొందినవాడు. తల్లులు మాత్రం ఆ మాట నమ్మలేదు, పాత ప్రశ్నపత్రాలు కొనితెచ్చి రాత్రిపూట వంటింటి బల్ల మీద పరిచారు. ఎవరి మాట నిజమైందో తెలుసా? తల్లులదే. 1950ల మొదట్లో ఫిలిప్ వెర్నన్ అనే శాస్త్రవేత్త, సాధన చేయిస్తే మార్కులు పెరుగుతాయని పైకి చెప్పాడు. అయితే ఆయనా, మరికొందరూ చెప్పిన రెండో మాట కూడా వినండి, అది మనకి ముఖ్యం. పెరగాల్సిందంతా మొదటి కొద్ది గంటల్లోనే పెరిగిపోతుంది. ప్రశ్న ఎలా ఉంటుంది, టైము ఎలా పంచుకోవాలి అన్నది అలవాటయ్యాక, ఆ పైన ఎంత తోమినా పెద్దగా లాభం ఉండదు. ఏడాది పొడుగునా రోజుకో మోడల్ పేపరు రాయించి పిల్లని చప్పబరిచే తల్లులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అయిదారు పేపర్లు చాలు. మిగతా పొద్దంతా పుస్తకాలు చదవనివ్వండి.

బర్ట్‌గారు 1971లో పోయారు. ఆ తర్వాత, తెలివి వారసత్వమే అని నిరూపించడానికి ఆయన చూపిన కవల పిల్లల లెక్కలు నిజమైనవేనా అన్న అనుమానం బయటికొచ్చింది. 1976లో లండన్ పత్రిక ఒకటి దాన్ని మొదటి పేజీలో వేసింది. ఆయన జీవితచరిత్ర రాసిన హెర్న్‌షా, ఆయన్ని గౌరవించేవాడే, 1979లో ఆ లెక్కలు కల్పితాలనే తేల్చాడు. తర్వాత కొందరు బర్ట్ తరఫున వాదించారు గాని, పోయిన నమ్మకం తిరిగి రాలేదు.

ఇప్పుడు మనకి బాగా తగిలే విషయానికి వస్తాను. పదకొండేళ్ళ వయసులో ఆడపిల్లలు మగపిల్లలకన్నా, ముఖ్యంగా ఇంగ్లీషు పేపర్లో, బాగా రాశారు. ఒక ఏడాది కాదు, ఒక ఊళ్ళో కాదు. వచ్చిన మార్కుల వరసనే సీట్లు ఇచ్చేస్తే గ్రామర్ స్కూళ్ళల్లో ఆడపిల్లలు ఎక్కువైపోతారు. అప్పుడేం చెయ్యాలి? మీరైతే ఏం చేసేవారు? వాళ్ళేం చేశారంటే, చాలా జిల్లాల్లో ఆడపిల్లలకి ఒక జాబితా, మగపిల్లలకి ఒక జాబితా వేశారు. ఆడపిల్లలు పాసవడానికి కావలసిన మార్కు మగపిల్లల మార్కుకన్నా ఎక్కువ పెట్టారు. ‘‘ఆడపిల్లలు త్వరగా ఎదుగుతారు, మగపిల్లలు తర్వాత అందుకుంటారు, అందుకని సరిచేశాం’’ అని దానికి సమాధానం. ఈ సరిచేయడం ఎక్కడా పెద్దగా చెప్పలేదు. తప్పిన పిల్లకి గాని, ఆమె తల్లికి గాని తెలియదు. ‘‘నీకు బుద్ధి చాలలేదు’’ అని ఇంటికి వచ్చిన కవరు నిజానికి ‘‘నువ్వు ఆడపిల్లవి’’ అని చెప్పిందని ఆ పిల్లలు ముప్ఫై నలభై ఏళ్ళ తర్వాత తెలుసుకున్నారు. కొందరు తెలుసుకోకుండానే పోయారు.

దీని మీద పెద్ద కోర్టు దాకా వెళ్ళిన కేసు బర్మింగ్‌హాం నగరానిది. 1975లో అక్కడ స్త్రీ పురుష వివక్షని నిషేధిస్తూ చట్టం వచ్చింది, దాన్ని అమలు చేయించడానికి ఈక్వల్ ఆపర్చునిటీస్ కమిషన్ ఏర్పడింది. బర్మింగ్‌హాంలో గ్రామర్ స్కూళ్ళల్లో మగపిల్లలకి ఏటా 540 సీట్లు, ఆడపిల్లలకి 360. ఊళ్ళో ఆడపిల్లలూ మగపిల్లలూ దాదాపు సమానమే. కాబట్టి సీటు రావాలంటే ఆడపిల్ల ఎక్కువ మార్కులు తెచ్చుకోవాలి. కమిషన్ నగర కౌన్సిల్ మీద కోర్టుకి వెళ్ళింది. కౌన్సిల్ వాదన ఏమిటంటే, ఇది మేం కావాలని చేసింది కాదు, ఆ స్కూళ్ళు ఎప్పుడో ఎవరో కట్టినవి, అలా వచ్చేసింది, పైగా గ్రామర్ స్కూలు మామూలు స్కూలుకన్నా మేలని రుజువేమిటి అని. 1989లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. ఉద్దేశం ఏమిటన్నది కాదు ప్రశ్న. ఆ పిల్ల మగపిల్లవాడై పుట్టి ఉంటే సీటు వచ్చేదా లేదా అన్నదే ప్రశ్న. వచ్చేది అయితే అది వివక్షే. ఆ స్కూలు మేలా కాదా అని ఆమె రుజువు చేయనక్కర్లేదు, తల్లిదండ్రులు దాన్ని విలువైనదిగా ఎంచుకుంటున్నారు, అది చాలు. కౌన్సిల్ ఓడిపోయింది. చూశారా, 1944 చట్టానికీ ఈ తీర్పుకీ మధ్య 45 సంవత్సరాలు. ఆ మధ్యలో పరీక్ష రాసిన అమ్మాయిలు అప్పటికి అమ్మమ్మలయ్యారు.

తల్లుల గురించి కూడా చెప్పాలి. 1946 మార్చిలో ఒకే వారంలో పుట్టిన పిల్లల్ని కొన్ని వేలమందిని జేమ్స్ డగ్లస్ అనే డాక్టరు ఏళ్ళ తరబడి వెంబడించి గమనించాడు. వాళ్ళు ఇలెవెన్ ప్లస్ రాశాక, 1964లో ‘ది హోమ్ అండ్ ది స్కూల్’ అనే పుస్తకం వేశాడు. బడి ఎలాంటిదన్నదానికన్నా, ఇంట్లోవాళ్ళు పిల్ల చదువు పట్టించుకోవడం ఎక్కువ తేడా చూపించిందని ఆయన లెక్క. పట్టించుకోవడం అంటే బళ్ళోకి వెళ్ళి టీచరుని అడగడం లాంటివి. అంతకు రెండేళ్ళ ముందు బ్రయన్ జాక్సన్, డెనిస్ మార్స్‌డెన్ అనే ఇద్దరు, తాము పుట్టిన హడర్స్‌ఫీల్డ్ అనే మిల్లుల ఊళ్ళో, కూలి ఇళ్ళ నుంచి గ్రామర్ స్కూలుకి వెళ్ళిన 88 మంది ఇళ్ళకి వెళ్ళి మాట్లాడారు. అలాంటి చాలా ఇళ్ళల్లో చదువు వెనక నిలబడింది తల్లే. ఆ తల్లుల్లో ఎక్కువమంది పద్నాలుగేళ్ళకే బడి మానినవాళ్ళు. 1947 దాకా అక్కడ బడి వయసు పద్నాలుగే. గ్రామర్ స్కూల్లో లాటిన్ మొదలుపెట్టిన కొడుకు ముందు ఆ తల్లి ఇంకేం చెప్పలేదు. చెప్పకపోయినా పక్కన కూర్చుంది.

ఇలా తప్పులు ఒక్కొక్కటీ బయటపడ్డాయి. పదకొండో ఏట వేరుచేసిన పిల్లల్లో నూటికి పదిమందికి పైగా తప్పు స్కూలుకి వెళ్తున్నారని 1957లో అక్కడి జాతీయ విద్యా పరిశోధన సంస్థ వాళ్ళే లెక్క తేల్చారు. పదిమందంటే చిన్నమాటా? ఏటా వేలమంది పిల్లలు. 1965లో విద్యామంత్రి ఆంథొనీ క్రాస్లండ్, అందరు పిల్లలూ కలిసి చదివే స్కూళ్ళకి మారమని జిల్లాలన్నిటికీ సర్క్యులర్ పంపాడు. చాలా జిల్లాలు మారాయి. కొన్ని మారలేదు. 1998లో కొత్త గ్రామర్ స్కూళ్ళు పెట్టకూడదని చట్టం చేశారు గాని, ఉన్నవాటిని మూయలేదు. కెంట్, బకింగ్‌హాంషైర్, లింకన్‌షైర్ వంటి చోట్ల మొత్తం 163 మిగిలాయి.

ఆ 163 స్కూళ్ళ పరీక్షకి ఇప్పుడు వంటింటి బల్ల ముందు కూర్చుంటున్నవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. స్లౌ, రెడింగ్, సటన్ లాంటి ఊళ్ళల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు, వాళ్ళ పిల్లలకి అదే వ్యతిరేకపదాలు, అదే గద్యభాగం చేయిస్తున్నారు. మీలో ఎవరి అమ్మాయైనా అక్కడుంటే, ఫోన్లో ‘‘చంటాడికి ఇలెవెన్ ప్లస్ అమ్మా, ఈ ఏడు ఇండియా రాలేం’’ అనే ఉంటుంది. 2013లో బకింగ్‌హాంషైర్‌లో ట్యూషన్లకి లొంగని పరీక్ష అని ఒకటి కొత్తగా తెచ్చారు. పెద్ద పెద్ద మాటలు తెలిసి ఉండాలి అందులో. అంటే ఏమిటి? పుస్తకాలు నిండుగా ఉన్న ఇంటికే మళ్ళీ మేలు. ట్యూషను మాస్టర్లు మాటల జాబితాలు అమ్మడం మొదలుపెట్టారు. కొన్నేళ్ళకే ఆ పరీక్ష మార్చేశారు.

మరి మన దగ్గర? మన పిల్లలు రాసే ప్రవేశ పరీక్షల్లో ఇంగ్లీషు మీద అంత బెంగ అన్నిచోట్లా అక్కర్లేదని చాలామంది తల్లులకి తెలియదు. 1986లో మొదలైన నవోదయ విద్యాలయాలు చూడండి. ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో మేధాశక్తి, లెక్కలు, భాష. ఆ భాష ఇంగ్లీషే కానక్కర్లేదు, తెలుగులో రాయవచ్చు. సీట్లలో కనీసం నూటికి 75 పల్లెటూరి పిల్లలకి. మూడో వంతు ఆడపిల్లలకి దక్కేలా చూడాలన్నది నియమం. థామ్సన్‌గారు 1921లో పల్లెటూరి పిల్లల కోసం పడిన తపన ఇక్కడ మరో దారిన నెరవేరింది అనుకుంటాను. మూడో వంతే ఎందుకు, సగం ఎందుకు కాదు అని మీరడిగితే నా దగ్గర జవాబు లేదు.

నవోదయ భాషా పరీక్షలో కూడా ఉండేది గద్యభాగాలూ వాటి మీద ప్రశ్నలే. ఇంగ్లీషు రాని తల్లి కూడా దీనికి సాయం చేయగలదు. పిల్ల చేత రోజూ ఒక పేజీ పైకి చదివించండి, పుస్తకం మూయించి ‘‘ఏమైంది చెప్పు’’ అనండి. ఇంగ్లీషు పేజీ అయినా సరే, తెలుగులో చెప్పమనండి. కథ చెప్పలేకపోతే చదివింది అర్థం కాలేదన్నమాట, ఏ మాట దగ్గర ఆగిందో అక్కడే తెలిసిపోతుంది. ‘‘వాడు అలా ఎందుకు చేశాడంటావు?’’ అని ఒక్క ప్రశ్న వేయండి. గద్యభాగం మీద వచ్చే కష్టమైన ప్రశ్న ఎప్పుడూ అదే. తెలియని మాట వస్తే నిఘంటువు తీసే ముందు, ముందూ వెనకా వాక్యాలు చూసి ఊహించమనండి. పరీక్ష హాల్లో నిఘంటువు ఉండదు కదా. వ్యాసానికైతే బట్టీ వద్దు. నిన్న బజార్లో ఏం చూశావో పది వాక్యాలు రాయమనండి. గెలా అత్తమూ ఇంగ్లీషులో ఏమంటారో వెతుక్కోనివ్వండి.

సైనిక్ స్కూళ్ళ సంగతి చెప్పి ముగిస్తాను. విజయనగరం దగ్గర కోరుకొండలో 1962 నుంచీ సైనిక్ స్కూలు ఉంది. చాలాకాలం అది మగపిల్లలదే, ఆడపిల్ల ఎంత బాగా రాయగలిగినా ఆ పరీక్ష గదిలోకి రానిచ్చేవారు కాదు. 2021–22 చదువు సంవత్సరం నుంచి దేశంలోని సైనిక్ స్కూళ్ళన్నిటిలో ఆడపిల్లల్ని చేర్చుకుంటున్నారు. ఆరో తరగతి పరీక్ష పదమూడు భాషల్లో పెడుతున్నారు, అందులో తెలుగు ఉంది. తొమ్మిదో తరగతిలో చేరాలంటే మాత్రం ఇంగ్లీషులోనే రాయాలి. ఆరో తరగతికి వయసు పదికీ పన్నెండుకీ మధ్య ఉండాలి. మీ ఇంట్లో గాని, మీ పనమ్మాయి ఇంట్లో గాని అయిదో తరగతి ఆడపిల్ల ఉంటే, ప్రకటన వచ్చినప్పుడు అన్న పేరుతో పాటు ఆ పిల్ల పేరు కూడా నింపండి.